మెరవని నలుపు

"మళ్ళీ పడింది సాహెబ్ గారూ!"

కోటేష్ కేకకి పెయింటర్ నన్నే సాహెబ్ చేతిలోని స్ప్రే గన్ కింద పెట్టి వచ్చాడు. కారు బానెట్ మధ్యలో, ఇంకా ఆరని నల్లరంగులో ఒక దూదినూగు హాయిగా పడుకుని ఉంది. పక్కన ఇంకోటి. తలుపు మీద నాలుగు.

ఇది మూడోసారి. చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లుకి ఎదురుగా షెడ్డు పెట్టుకుంటే ఇంతే మరి. పత్తి సీజన్లో ఇక్కడ గాలి పీల్చినా దూదే. చుట్టూ తడిపిన గోనెపట్టాలు కట్టినా, నేలంతా నీళ్ళు చల్లినా, ఎక్కడో ఒక సందు వెతుక్కుని మరీ వచ్చి వాలుతుంది.

"మామూలు రంగైతే ఇంత ఏడుపు లేదయ్యా. నూగు పడ్డ చోట ఎమరీ కాయితంతో రుద్ది పాలిష్ పెడితే పోద్ది. నీదేమో మెరవకూడదాయె! రుద్దితే రుద్దిన చోటే మెరుస్తది. మళ్ళీ మొత్తం గీకాల, మొదట్నుంచి కొట్టాల. నలభై ఏళ్ళు మెరిపించడం నేర్చుకుంటే, ఇప్పుడొచ్చి మెరవకుండా చెయ్యమంటావు. తెల్లకారు తెల్లగా ఉంటే నీకేం నొప్పి?"

"తెల్లగా ఉంటే ట్యాక్సీ అనుకుంటున్నారు సాహెబ్ గారూ! పోయినసారి పర్చూరు పెళ్ళిచూపులకెళ్తే మా బావని లోపల కుర్చీలో కూర్చోబెట్టి, నాకు బయట మెట్ల మీద టీ ఇచ్చారు. 'డ్రైవర్ బాబూ, ఇంకో గ్లాసు పొయ్యమంటావా' అనడిగింది అత్తగారు కావాల్సినామె."

నన్నే సాహెబ్‌కి నవ్వొచ్చింది కానీ కోటేష్ మొహం చూసి మింగేశాడు. మిరపా పత్తీ పండించేవాడికి పిల్లనివ్వడమే గగనమైపోయింది. ఇప్పటికి ఆరు సంబంధాలు తప్పిపోయాయి.

"రేపు ఆదివారం పొద్దున్నే వేటపాలెం వెళ్ళాల. అమ్మాయి లక్ష్మీదుర్గ, టీచరంట. బావని తీసుకెళ్ళను, మా అమ్మా నేనే. కారు ఆగితే ఓనరే దిగాడనుకోవాల. మాట తప్పి ఒక్క బండీ మీ షెడ్డు దాటలేదంటారుగా, మరి నాదొక్కటే పాపం చేసిందా?"

అలా అనేసి కోటేష్ విసవిసా వెళ్ళిపోయాడు. ఆ మాట నన్నే సాహెబ్‌కి ముల్లులా దిగింది.

మధ్యాహ్నమంతా కారు గీకుతూ మిల్లుని తిట్టాడు, పత్తిని తిట్టాడు, మెరవని రంగు కనిపెట్టినవాణ్ణి తిట్టాడు. నూగు వాలేలోపే ఆరిపోయే రంగు కావాలి. అలాంటిది ఎక్కడుందని తలెత్తితే, అటక మీద ఒక డబ్బా కనిపించింది. వేసవిలో హైస్కూల్లో నల్లబోర్డులకు వేయగా మిగిలింది. ఇట్టే ఆరిపోతుంది. మెరవమని బతిమాలినా మెరవదు.

ఒక్క నిమిషం మనసు ఒప్పుకోలేదు. బోర్డు కదలదు, కారు కదులుద్ది, అంతేగా తేడా అనుకున్నాడు. థిన్నర్ కలిపి గన్‌లో పోశాడు.

మర్నాడు పొద్దున కారుని చూసి కోటేష్ నోరు తెరిచాడు. ఎక్కడా ఒక్క నూగు లేదు, పిసరంత మెరుపు లేదు.

"ఏం రంగు సాహెబ్ గారూ ఇది?"

"ఫారిన్‌ది. ఎవర్నీ ముట్టుకోనీకు," అన్నాడు నన్నే సాహెబ్ నేల చూపులు చూస్తూ.

కారు వెళ్ళింది. ఆయనకి ఆ పూట అన్నం సహించలేదు.

నాలుగింటికి కారు తిరిగొచ్చింది. కోటేష్ తలుపు ధడేలున వేసి దిగాడు.

"ఏమన్నారు?"

"ఆలోచించుకుని కబురు చేస్తామన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలీదా? ఆరుసార్లు విన్నా! అమ్మ మొహం చూళ్ళేక ఇంటి దగ్గర దింపేసి ఇటొచ్చా. దారి పొడుగునా వెనకాల లారీలోళ్ళు ఒకటే హారన్లు, ఒకటే నవ్వులు. నా బతుక్కి అదొకటి తక్కువైంది."

మొహం కడుక్కోవడానికి కోటేష్ తొట్టి దగ్గరకి వెళ్ళాడు. లారీవాళ్ళు ఎందుకు నవ్వారో చూద్దామని నన్నే సాహెబ్ కారు వెనక్కి నడిచాడు. డిక్కీ మీద సుద్దముక్కతో రెండు వరుసల తెల్లటి రాత! అచ్చం బోర్డు మీద కుదిరినట్టు కుదిరింది. ఏ పిల్లకాయల పనో! కోటేష్ చూశాడంటే నలభై ఏళ్ళ పేరు గంగలో కలిసినట్టే. కళ్ళజోడు జేబులోనే ఉంది గానీ, తీసి చదివే తీరికెక్కడిది? తడిగుడ్డ అందుకుని నాలుగు విసుర్లలో తుడిచేశాడు. తడికి డిక్కీ నల్లగా నిగనిగలాడింది. అమ్మయ్య అనుకున్నాడు.

కోటేష్ మొహం తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఒక్కటే అర్థం కావట్లా సాహెబ్ గారూ. అమ్మాయి బయటికొచ్చి కారు చుట్టూ తిరిగింది. వేలితో రాసి చూసి నవ్వుకుంది. మేం బయల్దేరేటప్పుడు కిటికీ దగ్గరకొచ్చి, 'మా నాన్న ఎప్పుడు చెప్తారో ఏమో, నా జవాబు మాత్రం మీ వెనకే వస్తోంది' అంది. అప్పట్నుంచి ఫోన్ చూస్తానే ఉన్నా. ఏ మెసేజీ రాలా."

నన్నే సాహెబ్ చేతిలోని తడిగుడ్డ విప్పి చూశాడు. గుడ్డనిండా సుద్దపొడి.

"కోటేషూ... నా వల్ల పెద్ద తప్పు..." అంటూ గుడ్డని చూపించబోయాడు.

కోటేష్ ఆయన వంక చూడటం లేదు. డిక్కీ వంక చూస్తున్నాడు. కొత్త బోర్డు మీద సుద్దరాత ఒక తుడుపుకి పోదు. ఎండకి తడి ఆరేకొద్దీ, పోయిన అక్షరాలు ఒక్కొక్కటే తెల్లగా పైకి తేలుతున్నాయి.

"ఇది బ్లాక్‌బోర్డు రంగండీ, మిమ్మల్నెవరో మోసం చేశారు. అయినా మీరు నాకు నచ్చారు."