ఇరవై మైళ్ళ పీత

అరవై మూడులో వాల్తేరు నుంచి పీతల మీద డాక్టరేటు కోసం హంసలదీవి వెళ్ళాను. పరిశోధన నేర్పుతానని తొమ్మిదో తరగతి ఎలీసబెతును వెంట తిప్పుకున్నాను. ఇరవై మండపీతలకు ఎర్ర గోళ్ళరంగు పూసి, మడఅడవిలో వదిలాం. రంగు పీత కనిపిస్తే కార్డు రాయమని ఊరూరా చెప్పించాను.

పది రోజులకు చల్లపల్లి నుంచి కార్డు వచ్చింది. పీత అక్కడి కాలవగట్టున దొరికిందట!

"ఇరవై మైళ్ళు నడిచిందే!" అంటూ ప్రొఫెసరుగారికి టెలిగ్రాం ఇవ్వడానికి బయల్దేరాను. మూడేళ్ళుగా నా పని మీద ఆయనకే కాదు, నాకూ నమ్మకం లేదు.

ఎలీసబెతు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అది నడవలేదండీ అక్కయ్యగారూ, బస్సులో వెళ్ళింది. సంతలో మా అమ్మ బుట్టలోంచి తప్పించుకుంది."

"మన పీతల్ని మీ అమ్మ పట్టిందా?"

"ఎర్రగా దూరానికే కనపడుతున్నాయని మిమ్మల్ని ఒకటే మెచ్చుకుంటోందండీ."

తొడుక్కున్న చెప్పులు విడిచేశాను. "మిగతా పంతొమ్మిదైనా ఉన్నాయా?"

ఎలీసబెతు తల వంచుకుంది.

"నిన్న మా ఇంట్లో పులుసు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు కదండీ. అవే ఆఖరివి."