మీసాల కత్తెర

"అరవై నాలుగు కిలోలు!"

కాటా దిగుతూనే ప్రేమయ్య చర్చి ఆవరణంతా వినపడేలా అరిచాడు. "పెండ్లినాడు ఎంతనో ఇయ్యాల గంతే. నాకేం రోగముంటది?"

ఉచిత వైద్య శిబిరానికి వచ్చిన నర్సు సునీల టేపు తీసి అతని నడుము చుట్టూ తిప్పింది. తొంభై ఆరు సెంటీమీటర్లు.

"బరువు మంచిగనే ఉన్నదన్నా. పొట్టతోనే తిప్పలు. మగోళ్లకు తొంభై, ఆడోళ్లకు ఎనభై దాటితే జర భద్రముండాలె. కొవ్వొచ్చి గక్కడ కూసుంటే, ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు. బక్కోళ్లకు గూడ షుగర్ గట్లనే వస్తది, చప్పుడు చెయ్యకుండ. అక్కా, ఇగ నువ్వు రా."

అక్క అప్పటికే గేటు దగ్గరుంది. "నాకెందుకమ్మా! గాలొస్తే కొట్టుకపోయేదాన్ని!"

ప్రేమయ్య పెళ్లాం యేసమ్మ సంగతి అంతే. శంషాబాదులో వాళ్ల బస్తీ ఆడవాళ్లందరి నడుములూ కొలిచి బట్టలు కుడుతుంది గానీ, తన నడుముకు టేపు పెట్టుకున్న పాపాన పోలేదు.

మొగుడి నడుము మాత్రం ఆమెకు నిద్ర లేకుండా చేసింది. బావగారు జీవన్ కూడా మునక్కాయలా సన్నగా ఉండేవాడు. పోయినేడు షుగర్ ఆయన కాలివేళ్లు రెండు తినేసింది. ప్రేమయ్యేమో ఎయిర్‌పోర్టుకు క్యాబ్ తోలే మనిషి.

"రేపు నీ కాలికేమన్నయితే బ్రేకు ఎవరు తొక్కుతరయ్యా?"

"కాటా అబద్ధం చెప్తదానే?" అని ప్రేమయ్య చక్కెర చాయ్‌లో ఇంకో బిస్కెట్టు ముంచాడు.

చెప్పీ చెప్పీ ఆమె నోరు నొచ్చింది. నోటితో కాని పని సూదితో అవుతుందేమో చూద్దామనుకుంది.

బండి మీద అతనికి ఎలాస్టిక్ పాంట్లే. ఆదివారం చర్చికి మాత్రం ఒక బూడిదరంగు పాంటు ఉంది. శనివారం అతను కారు కడగడానికి బయటికి పోగానే యేసమ్మ ఆ పాంటు వెనక కుట్టు విప్పింది. పావు ఇంచు లోపలికి లాగి మళ్లీ కుట్టింది. ఇస్త్రీ చేసి, ఏమీ ఎరగనట్టు కొక్కేనికి తగిలించింది.

"ఏమే, పాంటు పడ్తలేదు!"

"పాంటునెందుకంటవు? నీ పొట్టనడుగు."

వచ్చే శనివారం ఇంకో పావు ఇంచు. ఆపై వారం మరో పావు. నాలుగో ఆదివారం అందరూ పాటకు లేచి నిలబడ్డప్పుడు ప్రేమయ్య పాంటు హుక్కు ఊడి ముందు బెంచీకి టక్కున తగిలింది. పాపం, ఆరాధన అయిపోయేదాకా పాటల పుస్తకాన్ని పొట్టకు అడ్డం పెట్టుకునే పాడాడు.

ఆ రోజే చాయ్‌లో చక్కెరకు సెలవిచ్చాడు. బిస్కెట్ల డబ్బా పక్కింటికి పోయింది. తెల్లారగానే నడకకు బయల్దేరాడు.

"ఒక్కన్నే పోతే కుక్కలు మొరుగుతున్నయే. నువ్వు గూడ రా."

ఇంకొకప్పుడైతే యేసమ్మ కదిలేది కాదు. కానీ ఆ రోజుల్లో ఆమెకూ ఒక రహస్యపు దిగులు పట్టుకుంది. లంగా బొందు చాలడం లేదు! మొదట్లో పువ్వులా ముడి వేసుకునేది. తర్వాత ఒట్టి ముడి. ఇప్పుడు ఆ ముడికి కూడా కొసలు అందడం లేదు. ఉన్న నాలుగు లంగాలదీ అదే వరస. కొత్త బొందులు ఎక్కించుకోవచ్చు. ఎక్కిస్తే, పొట్ట పెరిగిందని తన నోటితో తానే ఒప్పుకున్నట్టు కాదూ?

'మొగుని పాంటు బిగిస్తుంటే దేవుడు నా బొందు బిగిస్తున్నడు' అనుకుని లెంపలు వేసుకుంది. కుట్టడం మాత్రం మానలేదు.

తన చాయ్‌లోనూ చక్కెర మానేసింది. ఇళ్లు లేని వెంచర్ రోడ్ల మీద, నెత్తి మీంచి విమానాలు పోతుంటే, మొగుడూ పెళ్లామూ చెమటలు కక్కుతూ నడిచారు.

ఒక శనివారం ప్రేమయ్య చేతిలో తన కత్తెర కనబడింది యేసమ్మకు.

"బట్టలు కోసే కత్తెరతోని ఏం చేస్తున్నవయ్యా?"

"మీసం కత్తిరిస్తున్న."

"పోయిన శనివారం గూడ కత్తిరిస్తివి గదా! ఏడ తగ్గింది?"

"మొండి మీసమే. ఇట్ల కోస్తే అట్ల పెరుగుతది."

ఇంకో రోజైతే ఆ మీసం సంగతేమిటో తేల్చేదే. కానీ అతను కారు దగ్గరికి పోతే తప్ప తన పని కాదు. కత్తెర లాక్కుని బయటికి తరిమింది.

మూడు నెలలకు శిబిరం మళ్లీ వచ్చింది. సునీల టేపు చుట్టి కళ్లు పెద్దవి చేసింది. "ఎనభై తొమ్మిది! సూది మందు లేకుండనే తొంభై గీత లోపలికొచ్చినవన్నా."

"మరి పాంటింకా గట్లనే బిగుతుగున్నదేంది?"

"ఉతికితే బట్ట కుంచించుకపోదా?" యేసమ్మ గబుక్కున అందుకుంది.

ఈసారి ఆమె గేటు వైపు చూడలేదు. కళ్లు మూసుకుని, ప్రార్థన చేసుకుంటూ టేపుకు నిలబడింది.

"డెబ్బై ఎనిమిది. నువ్వు బంగారమక్కా!"

మరి బొందు? అదీ ఉతుకుల్లోనే కుంచించుకుపోయి ఉంటుందని సరిపెట్టుకుంది.

తిరిగి వస్తుంటే కారులో ఆమెకు నవ్వు ఆగలేదు. ఎంత ఒడుపుగా ఆడించింది మనిషిని! చచ్చేదాకా చెప్పకూడదనుకుంది. నవ్వీ నవ్వీ కళ్లవెంట నీళ్లు కారాయి.

"కండ్లు తుడుచుకోయే," అన్నాడు ప్రేమయ్య, చూపు రోడ్డు మీంచి తిప్పకుండా. "డ్యాష్‌బోర్డుల దస్తీ ఉన్నది, తియ్యి."

మడిచి ఉన్న ఆ దస్తీని దులపగానే, ఇంచు ఇంచు చొప్పున కత్తిరించిన ఆమె నాలుగు లంగాల బొందు ముక్కలు జలజలా యేసమ్మ ఒళ్లో రాలాయి.