ఫ్రీజర్లో ఓట్స్ సూపు

"ఏమ్మాయ్, ఇది మనుషుల తిండేనా? పక్కింటి గేదెక్కూడా కాస్తున్నావా?" వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కోడలిని అడిగింది సుబ్బాయమ్మ.

"ఓట్స్ సూపు అత్తయ్యా. మీ షుగరుకి మంచిది." చల్లారిన సూపును చిన్న చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్లో సర్దుతోంది రుచిత. "పూటకొకటి తీసి వేడి చేసుకుంటే చాలు."

"ఆహా! తిరువూరంతా మామిడిపళ్లు తింటుంటే నేను మంచుగడ్డలు నాకుతూ కూర్చోవాలన్నమాట."

"మామిడిపండు ముట్టుకుంటే ఊరుకోను."

"రేపీపాటికి విస్సన్నపేటలో ఉంటావు. అక్కణ్నుంచి అరుస్తావా?"

రుచిత చేతిలో గరిటె ఆగిపోయింది. "నాకీ పెళ్లి వద్దత్తయ్యా. మిమ్మల్నొదిలి వెళ్లలేను."

"బాగుంది. పెళ్లికొడుక్కి ఈ సూపు తాగించి పంపేద్దాం."

"పోనీ, వారానికోసారి వచ్చి వండిపెడతాను."

"రావద్దు. కొత్త కాపురం వదిలేసి పాత అత్తకి జావ కాయడానికొస్తే వాళ్లేమనుకుంటారు? నా కొడుకు పోయాక ఎన్ని గడపలు తొక్కితే దొరికిందీ సంబంధం! నీ ఓట్స్ కోసం చెడగొట్టుకోనా?"

రుచిత ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చేసింది. సుబ్బాయమ్మ చాలాసేపు ఆ తల నిమిరింది.

"లేమ్మా," అంది చివరికి. "ఆ సూపేదో ఇప్పుడే ఓ గ్లాసులో పొయ్యి. నువ్వుండగానే తిట్టుకుంటూ తాగుతాను. రేపట్నుంచి తిట్టడానికి నాకెవరున్నారు?"