ఎండ వేసిన నీడ

అమ్మకు నీడ లేదు.

వీడియో ఎడిటరమ్మాయి కళ్లజోడు తుడుచుకుని, కుర్చీలో ముందుకు జరిగి కంప్యూటర్ తెర మీది తన మొదటి పుట్టినరోజు ఫొటోను మళ్లీ చూసింది. నీలం తలుపు ఉంది. తలుపు ముందు స్టూలు, స్టూలు మీద ఏడాది పిల్లగా తను, వెనక గోడ మీద ఆ పిల్ల బుల్లి నీడ. పక్కనే నిలబడ్డ అమ్మకు మాత్రం నీడ లేదు. గాల్లో తేలుతున్నట్టుంది.

రెండో పుట్టినరోజు ఫొటోలోనూ అంతే. మూడోదాంట్లోనూ, నాలుగోదాంట్లోనూ అంతే. ఐదో పుట్టినరోజు నుంచి అమ్మకు నీడ ఉంది.

మామూలు రోజైతే సాఫ్ట్‌వేర్‌ను నాలుగు తిట్టి ఊరుకునేది. ఇవాళ ఒళ్లు జలదరించింది. రేపు పొద్దున అమ్మకు గుండె ఆపరేషన్. నీడ కనిపించని మనిషి ఎక్కువ రోజులుండదని చిన్నప్పుడు ఎవరో అన్న మాట, ఇన్నేళ్లూ ఎక్కడ నక్కిందో, సరిగ్గా ఇప్పుడే బయటికొచ్చింది.

ఫైలు నాన్నది. ఫొటో స్టూడియోలో ముప్పై ఏళ్లు ఫొటోలకు మెరుగులు దిద్దే టచింగ్ పని చేసి, రెండేళ్ల కిందట పోయాడు. కూతురి ప్రతి పుట్టినరోజుకీ ఆ తలుపు ముందే ఫొటో తీసేవాడు. అన్నిటినీ ఒకే ఫైలులో లేయర్లుగా, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టాడు. వాటితో చిన్న వీడియో చేసి, ఐదు గంటలకు ఆస్పత్రిలో అమ్మకు చూపించాలి. అప్పుడే రెండున్నర దాటింది.

ఫైలును తన వీడియో సాఫ్ట్‌వేర్‌లోకి ఒకే బొమ్మగా తెస్తే పైనున్న ఫొటో ఒక్కటే కనిపించింది. లేయర్లను విడివిడిగా తెస్తే అన్నీ వచ్చాయి, ఆ నాలుగింటిలో అమ్మ నీడ మాత్రం రాలేదు. తీసేసి మళ్లీ తెచ్చింది. ఊహూఁ.

ఫోన్ మోగింది. అమ్మ.

"తిన్నావా?"

"నా తిండి సంగతి తర్వాత. నువ్వెలా ఉన్నావు?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఏం చేస్తున్నావు?"

"నాన్న తీసిన పుట్టినరోజు ఫొటోలతో వీడియో. మన నీలం తలుపు దగ్గరవి."

అవతల ఆస్పత్రి మంచం కిర్రుమంది.

"మొదటి నాలుగూ వద్దులేవే. వాటిల్లో నేను బాగా పడలేదు. ఐదోదాని నుంచి పెట్టు."

"నీ అందం సంగతి నేను చూసుకుంటాగా. నువ్వు పడుకో."

ఫోన్ పెట్టేసి ఆ నాలుగు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసింది. నాలుగింటిలోనూ అమ్మది ఒకే నవ్వు. నవ్వులో కూడా పొదుపే అనుకుంది. ఐదో ఫొటోలో తను అమ్మ మెడను ఉడుం పట్టు పట్టి వేలాడుతోంది. నవ్వు ఆపుకోలేక అమ్మకు కళ్లు మూసుకుపోయాయి. ఈ మనిషి లేకపోతే తనకెవరున్నారు? కళ్లు తుడుచుకుంది.

ఆఫీసులో సీనియర్‌కు ఫోన్ చేసింది.

"సార్, లేయర్లు తెస్తే మనిషి వస్తోంది, నీడ రావట్లేదు."

"దెయ్యాల సినిమా ఒప్పుకున్నావా ఏంటమ్మా?"

"నవ్వకండి సార్. మా అమ్మ ఫొటోలు."

ఆయన గొంతు మారింది. "కంగారుపడకు. ఎండ వేసిన నీడ ఫొటోలోనే ఉంటుంది, అది ఎక్కడికీ పోదు. కంప్యూటర్లో ఎఫెక్టుగా తగిలించిన నీడే ఇటు తెచ్చేటప్పుడు రాలిపోతుంది. మీ నాన్నగారు తగిలించి ఉంటారు."

హమ్మయ్య అనుకుంది. అంతే మరి. ఉన్న ఫొటోను ఉన్నట్టు వదిలేస్తే నాన్నకు నిద్ర పట్టేది కాదు. అమ్మ నీడ వంకరగా పడిందని తుడిచేసి, చక్కగా కొత్తది వేసి ఉంటాడు. అపశకునమూ లేదు, గాడిదగుడ్డూ లేదు.

"ఇప్పుడేం చెయ్యమంటారు సార్?"

"టచింగ్ చేసేవాళ్లు అసలు ఫొటోను పారెయ్యరు. అడుగున ఎక్కడో దాస్తారు. కనబడకుండా ఆపేసిన లేయర్లేమైనా ఉన్నాయేమో చూడు. వాటికి కూడా టిక్ పెట్టి తెచ్చుకో. అసలు నీడ అందులో దొరుకుతుంది."

ఉన్నాయి. సరిగ్గా నాలుగు. మిగతా అన్నిటికీ ఏడాదీ తేదీతో సహా రాసిన నాన్న, వీటికి పేరు కూడా పెట్టలేదు.

టిక్ పెట్టింది. పెద్ద ఫైలు కదా, తెర నల్లబడి కాసేపు అలాగే ఉండిపోయింది. ఆ నలుపులో తన ముఖమే కనిపించింది. వెడల్పు నుదురు, గడ్డంలో నొక్కు, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు.

"ఉండమ్మా, నీ నీడ నీకిచ్చేస్తా" అంది పైకే.

తెర వెలిగింది. నీలం తలుపు, స్టూలు మీద ఏడాది పిల్ల, గోడ మీద రెండు నీడలు.

పెద్ద నీడ దగ్గర అమ్మ లేదు. వెడల్పు నుదురుతో, గడ్డంలో నొక్కుతో, తను ఎన్నడూ చూడని ఒకావిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నవ్వుతోంది.