పేరు లేని గ్లాసు

"పేరు లేని గ్లాసున్నదా?" పొద్దున్నే అడిగాడు శ్రీపాల్.

నిర్మలకు నవ్వొచ్చింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న గిన్నెలన్నిటి మీదా నాయిన ఆమె పేరు చెక్కించాడు. ఆమె పెళ్లికి తమ్ముడు రవీందర్ కొనిచ్చిన స్టీలు గ్లాసొక్కటే బోసిగా ఉంది. ఎందుకని అడగకుండానే చేతికిచ్చింది.

కొత్త కాపురం. అతనేం చేసినా ముద్దుగానే ఉండేది. జనగామ బజార్లో మైకుసెట్ల దుకాణం అతనిది. మొన్న ఆమె నవ్వును టేపులో పట్టి, ఆ ముక్కను కత్తిరించి, రెండు కొసలూ అతికించి తిప్పాడు. నవ్వు ఆగితేనా! ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

మధ్యాహ్నం తిరిగొచ్చాడు. చేతిలో గ్లాసు లేదు. ఒంటి మీద స్పిరిట్ వాసన గుప్పుమంది.

"తమ్ముడిచ్చిన గ్లాసుల తాగొచ్చినవా?" ముక్కు మూసుకుంది నిర్మల.

"అన్నం పెట్టు."

వెనక వీధి హాస్టల్ మీది మైకు "జై తెలంగాణ" అని హోరెత్తుతోంది. గొంతు రవీందర్‌దే. అరవై తొమ్మిది ఉద్యమం మొదలైనప్పటి నుంచీ పోలీసులు అతని కోసం వెతుకుతున్నారు. ఇవాళ హాస్టల్‌ను చుట్టుముట్టారు.

పక్క వాటాలో ఉండే పోలీసు జమేదారు భార్య గోడ మీదుగా తొంగిచూసింది.

"మీ తమ్ముడు బయటికొస్తలేడట చెల్లె. గొంతెండినంక తనే వస్తడని మా ఆయనోళ్లు కూసున్నరు. రైల్టేషన్ల కాపలున్నోళ్లను గూడ ఈడికే పిలిపిచ్చిండ్రు."

"బండి పోయిందా అక్కా?" పెరుగన్నం పిసుకుతూ అడిగాడు శ్రీపాల్.

"ఇప్పుడే కూతేసింది."

అతను వేళ్లన్నీ నాకి, బ్రేవుమని తేన్చాడు.

నిర్మల ఆ వేళ్ల వంక చూసింది. నిన్న తన జడలో మల్లెలు తురిమిన వేళ్లేనా ఇవి?

"నా తోడబుట్టినోన్ని సావగొడతరయ్యా! నీకు మెతుకులెట్ల దిగుతున్నయ్?"

"జర మామిడికాయ తొక్కు వెయ్యి."

తొక్కు జాడీ అతని ముందు దబ్బున పెట్టి లేచింది. "నీ మొఖం సూస్తెనే డోకొస్తుంది. నేనే పోత."

"నిర్మలా, ఆగు..." గోడ వైపు చూసి, మిగతా మాట మింగేశాడు.

థూ, అని వాకిట్లో ఉమ్మేసి పరుగెత్తింది.

ఆమె వెళ్లేసరికి పోలీసులకు ఓపిక నశించింది. లాఠీలు, బూట్లు. తలుపు విరిగింది. లోపల నినాదం మాత్రం ఆగలేదు.

"తమ్మీ!" అని అరుస్తూ వాళ్ల మధ్య నుంచి దూరింది నిర్మల.

గదిలో మనిషన్నవాడు లేడు. స్పిరిట్‌తో తుడిచిన వాసన కొడుతున్న టేపురికార్డరు పక్కన, పేరు లేని స్టీలు గ్లాసు చుట్టూ, కొసలు అతికించిన టేపు ముక్కొకటి గిర్రున తిరుగుతూ రవీందర్ గొంతుతో "జై తెలంగాణ" అంటూనే ఉంది.