ఇరవై మూడు మెట్లు

నిచ్చెన మీద ఉండగా పెయింటర్ జేబులో ఫోన్ మోగింది.

"పెయింటర్ గారేనా? మీరు రాసిన గోడ మీద చిన్న తప్పుందండీ. కాస్త దిద్దితే..."

పొద్దున పదకొండు గంటలు. అప్పటికే అతని కడుపులో ఒక క్వార్టర్ పడి ఉంది.

"నా రాతలో తప్పా? ముందు నీ కళ్ళు చూపించుకోవయ్యా!" అని పెట్టేశాడు.

ఏ గోడో, ఏం తప్పో అడగనైనా లేదు. రాసిన ప్రతి గోడకీ మూలన తన నంబరు వేసుకోవడం అతని అలవాటు. అది పని కోసం, తప్పులు చెప్పించుకోవడం కోసం కాదు.

రెండేళ్ళు గడిచాయి. క్వార్టర్ కాస్తా హాఫ్ అయింది. చెయ్యి వణకడం మొదలైంది. ఒక బట్టల షాపు బోర్డు మీద అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి. షాపాయన అతని ఎదురుగానే తుడిపించేశాడు.

ఆ సాయంత్రం భార్య కుంచెలన్నీ కడిగి, ఆరబెట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.

"చెయ్యి నిలిచిన రోజు తాళంచెవి అడుగు. ఇస్తాను."

నాలుగు తిట్టినా బాగుండేది అనుకున్నాడు.

రైలు గేటు పక్క గోడ మీద 'తాగుడు మానాలనుందా? ఫోన్ చేయండి' అని ఉంది. రాసింది తనే, అదీ పీకలదాకా తాగి. ఇప్పుడు దాని ముందే నిలబడి ఆ నంబరుకి చేశాడు.

అవతల ఏదో యంత్రం హోరు. అంతలోనే టక్కున ఆగిపోయింది.

"చెప్పు బాబూ," అంది ఒక పెద్దాయన గొంతు.

"గోడ మీద... నంబరు చూసి..."

"మంచి పని చేశావు. గురువారం సాయంత్రం ఆరింటికి, సైకిల్ షాపు పైగది. తాగుడు మానేవాళ్ళ గ్రూపు కలుస్తుంది. అక్కడ పేరు కూడా అడగరు."

గురువారం మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు. ఏడున్నరకి పెద్దాయన నుంచి ఫోన్.

"వెళ్ళావా?"

"వెళ్ళానండీ."

"మెట్లెన్ని?"

పెయింటర్ నీళ్ళు నమిలాడు. "ఓ... పద్దెనిమిది."

"వచ్చే వారం సరిగ్గా లెక్కపెట్టి చెప్పు."

లెక్కపెట్టడానికే ఎక్కాడు. ఇరవై మూడు. అంత ఎత్తెక్కాక దిగిపోవడానికి మనసొప్పలేదు.

లోపల గుండ్రంగా కుర్చీలు. బస్సు డ్రైవరు, నర్సు, గ్రూపు నడిపే లెక్కల మాస్టారు, ఇంకో నలుగురు.

"నా చెయ్యి వణుకుతోందండీ," అన్నాడు.

నర్సు తన చెయ్యి చాపింది. "నాదీ వణికేది. ఇప్పుడు చూడన్నా."

ఆ చెయ్యి కదలకుండా నిలిచింది. గుండెల మీంచి బండ దించినట్టయింది అతనికి.

మూడు నెలలకి ఇంట్లో నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకి సుద్దముక్కతో గీత గీశాడు. ఎక్కడా వంకర పోలేదు. భార్య తాళంచెవి ఇస్తూ కళ్ళు తుడుచుకుంది.

ఏడాది తిరిగింది. రైలు గేటు దగ్గర గోడ వెలిసిపోయిందని, తనే మళ్ళీ రాస్తానన్నాడు. మాస్టారు నంబరు చీటీ మీద రాసిచ్చి పక్కనే నిలబడ్డారు. పాత రాత మీద సున్నం కొట్టి, చీటీ చూసి రాస్తూ చివరి అంకె దగ్గర కుంచె ఆపాడు.

చీటీలో ఎనిమిది. తను ఏడాదిగా ఫోన్ చేస్తున్న నంబరు చివర మూడు.

"ఇది ఎవరి నంబరు మాస్టారూ?"

"నాదే. మొదటి నుంచీ ఇదే. విచిత్రమేమిటంటే, ఒక్కరూ ఫోన్ చెయ్యరు. నేరుగా మెట్లెక్కి వచ్చేస్తారు."

పెయింటర్ ఎనిమిది పూర్తిచేసి, గోడ వారన కూలబడి మూడుకి ఫోన్ చేశాడు.

"అయ్యా, అసలు మీరెవరు?"

"పిండిమర నడుపుకునేవాణ్ణి."

"గ్రూపు మనిషి కాదా?"

"మందు వాసనే ఎరగను."

"రాంగ్ నంబరని ఒక్క మాట అంటే పోయేదిగా!"

"మొదట చేసినవాడితో అదే అన్నాను. 'సరే లెండి' అని పెట్టేశాడు. వాడిక ఎవరికీ చెయ్యడని ఆ గొంతులోనే తెలిసిపోయింది. నాకు మనసు మనసులో లేదు. ఆ తర్వాత నేనే వెతుక్కుంటూ పోయి ఆ మెట్లెక్కాను."

"మాస్టారికి చెప్పొచ్చుగా?"

"చెబుదామనే ఎక్కాను. లోపల ఎవరో ఏడుస్తున్నారు, అందరూ వింటున్నారు. మధ్యలో నా గోలెందుకని దిగొచ్చాను. తర్వాత ఫోన్లు అలవాటైపోయాయి."

"ఇప్పుడే దిద్దేశానండీ."

"మంచిది. ఈ మర హోరులో అరిచి అరిచి అరిగిన గొంతుకి ఇక విశ్రాంతి." నవ్వాడు గానీ, ఆ నవ్వులో కాస్త వెలితి ఉంది.

"నేను మొదటిసారి చేసినప్పుడు మర ఆపేశారు కదండీ?"

"అందరికీ ఆపితే గిరాకీ ఊరుకుంటుందా? నీకొక్కడికే ఆపాను."

"నాకెందుకు?"

"గోడ దిద్దమని అడిగితే, పొద్దున పదకొండింటికే నాలుక తడబడుతూ నన్ను కళ్ళు చూపించుకోమన్నాడే ఒక పెయింటరు, వాడి నంబరు దాచుకుని, ఎప్పటికైనా మోగకపోతుందా అని రెండేళ్ళు ఎదురుచూశానయ్యా."