తినే ఆకు

దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో, తోటల మధ్య ఇంట్లో, దీపం పక్కన అలీదా కుంచెలు కడుగుతోంది. నిద్ర ఆపుకుని కళ్లు మండుతున్నాయి. పురుగుల బొమ్మలు వేసే తండ్రి యోస్ట్ ఇంకా గీస్తూనే ఉన్నాడు.

"ఇక పడుకో నాన్నా. నీ వేళ్లే గొంగళిపురుగుల్లా ముడుచుకుపోతున్నాయి."

"ఈ ఒక్కటే తల్లీ. మొన్న మన పురుగుల పెట్టెలో పుట్టిందే, అది."

ఏ పురుగునైనా అది తినే ఆకు మీదే గీయడం ఆయన పద్ధతి. అలీదా వంగి చూసింది. కాగితం మీద తెల్లటి పురుగు ఒక చేతి మీద పాకుతోంది. బొటనవేలి మీది కాలిన మచ్చతో సహా, అది తన చెయ్యే.

"ఆకేది నాన్నా?"

"ఏ ఆకు పెట్టినా ముట్టలేదమ్మా," అన్నాడాయన అలసటగా. "నిన్న నువ్వు నిద్రపోయాక నీ చేతి మీద పెట్టి చూశాను. తింది."

అలీదా కుంచెలు నీళ్లలోనే వదిలేసింది. తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.